మూడూ నెగెటివ్ అన్న రిపోర్టు: కర్నూలు ఓపీ నుంచి ఒక రొమ్ము క్యాన్సర్ కేసు

"మూడూ నెగెటివే వచ్చినాయి సార్. ఇంక భయం ల్యాదు గదా?"

2019 జూన్‌లో ఒక సోమవారం, ఓపీ కిటకిటలాడుతున్న వేళ, ఆయన ఈ మాట అంటూ నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు నా బల్ల మీద పరిచాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య. వయసు 46. ఎడమ రొమ్ము మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆమె ముఖంలోనూ కాస్త తేలిక కనిపించింది. వాళ్ళ లెక్క తప్పేమీ కాదు. ఊళ్ళో ఎవరికైనా మలేరియా నెగెటివ్, హెచ్‌ఐవీ నెగెటివ్ అని వస్తే గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వస్తారు. ఒకే కాగితం మీద మూడు నెగెటివ్‌లు వస్తే మూడు కాయలు కొట్టాలి మరి.

ఆ కాగితం మీద ఉన్నవి ఈఆర్, పీఆర్, హెర్2. అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, హెర్2 అనే ప్రోటీన్. రిసెప్టర్ అంటే కణంలో హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్. మూడూ లేకపోతే మా భాషలో ట్రిపుల్ నెగెటివ్. రొమ్ము క్యాన్సర్లలో దుడుకు రకం. తిరగబెడితే చాలావరకు మొదటి మూడు నాలుగేళ్ళలోనే తిరగబెడుతుంది, హార్మోన్ మాత్రలకు లొంగదు. నేను ఫైలు మీద ఎర్ర పెన్నుతో టీఎన్‌బీసీ (ట్రిపుల్ నెగెటివ్ బ్రెస్ట్ క్యాన్సర్) అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆయన్ను పక్కకు పిలిచి, ఇది మొండి రకమని, మాత్రలతో పోయేది కాదని, ముందు కీమో ఇంజెక్షన్లు పెట్టాలని చెప్పాను. ఆయన చేతిలోని రిపోర్టును మళ్ళీ మడవడం మర్చిపోయాడు.

ఆ ఎర్ర అక్షరాలు తప్పని నాకు తెలియడానికి పదకొండు రోజులు పట్టింది. మా దగ్గర చదువుకునే పీజీలకు ఏటా ఈ కేసు చెప్తుంటాను. ఆమెను అడిగి, గుర్తుపట్టే ఆనవాళ్ళు మార్చి, ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెది జిల్లా పడమటి వైపు పల్లె. ఉల్లి, పత్తి వేస్తారు. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములు, అంటే కాగితం మీద ఆయకట్టు, నిజంలో వచ్చినప్పుడు నీళ్ళు. గడ్డ స్నానం చేసేటప్పుడు చేతికి తగిలి ఎనిమిది నెలలైంది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మన దగ్గర ఆడవాళ్ళు రొమ్ములో నొప్పి వస్తే పరుగెత్తుకొస్తారు, నొప్పి లేని గడ్డను ఏళ్ళ తరబడి జాకెట్టు చాటున దాచుకుంటారు. క్యాన్సర్ విషయంలో చాలావరకు ఇది తలకిందులుగా ఉండాలి. చివరికి పెద్ద కూతురు పట్టుబట్టి ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయింది. అక్కడ సూది పరీక్ష లేదు, మామోగ్రామ్ లేదు. "మామూలు గడ్డే" అని మత్తిచ్చి కోసి తీసేశారు. బయాప్సీకి పంపితే క్యాన్సర్ అని తేలింది.

రిపోర్టులో ఉన్నది ఇంతే: ఇన్‌ఫిల్ట్రేటింగ్ డక్టల్ కార్సినోమా (పాల నాళాల్లో పుట్టి చుట్టూ పాకిన క్యాన్సర్), మూడు గ్రేడ్ల దుడుకుతనంలో గ్రేడ్ 2, గడ్డ 3.5 సెంటీమీటర్లు. అంచుల గురించి ఒక్క ముక్క లేదు. ఈఆర్ 0, పీఆర్ 0, హెర్2 1+ (అదీ నెగెటివ్ కిందే లెక్క), కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 12 శాతం.

నేను చూసినప్పుడు మచ్చ కింద ఇంకా గట్టిగా తగులుతోంది. చంకలో ఒకటిన్నర సెంటీమీటర్ల బిళ్ళ (ఉబ్బిన లింఫ్ గ్రంథి), కదులుతోంది. సీటీలో ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. బోన్ స్కాన్‌లోనూ ఏమీ లేదు.

ఇప్పుడు ఆ రిపోర్టు మళ్ళీ చదివితే, ఎనిమిది నెలలు నిదానంగా పెరిగిన గ్రేడ్ 2 గడ్డ, కేఐ-67 పన్నెండే. ట్రిపుల్ నెగెటివ్‌లు ఎక్కువగా గ్రేడ్ 3లో ఉంటాయి, కేఐ-67 నలభై, అరవై, ఎనభై దాకా పోతుంది. ఈ రెండూ ఒకే ఇంటి మనుషుల్లా లేవు. నేను ఆ రోజే అనుమానపడాల్సింది. పడలేదు. ఓపీలో బయట ఇంకా ముప్పై మంది ఉన్నారన్నది సాకు మాత్రమే.

మూలన ఉన్న డక్ట్

వారానికోసారి మేం నలుగురైదుగురం కూర్చుని కేసులు చర్చిస్తాం. పేరుకు ట్యూమర్ బోర్డు, నిజానికి ఒక చిన్న గది, రెండు తలల మైక్రోస్కోపు ఒకటి, ఫ్లాస్కులో టీ. నేను కేసు చెప్పి కీమో ప్రోటోకాల్ దగ్గరకు వచ్చేసరికి మా పెథాలజిస్టు ఆపాడు. బయటి స్లైడ్లు తెప్పించుకుని ముందే చూసినట్టున్నాడు. "ఇట్లా వచ్చి కూర్చో" అని రెండో తల దగ్గర నన్ను కూర్చోబెట్టాడు.

"క్యాన్సర్‌ను చూడొద్దు. కింద కుడి మూలన చూడు."

గాజు పలక కదిలింది. నీలం రంగు చుక్కల మధ్య ఒక ఉంగరం లాంటి ఆకారం, లోపల ఖాళీ, చుట్టూ రెండు వరసల కణాలు. మామూలు పాల నాళం. క్యాన్సర్ సోకని, ఆరోగ్యంగా ఉన్న డక్ట్.

"దీంట్లో బ్రౌన్ యాడుంది?"

లేదు. ఒక్క కణంలో కూడా లేదు. ఈఆర్ పరీక్షలో రిసెప్టర్ ఉన్న కణం కేంద్రకం గోధుమ రంగుకు తిరుగుతుంది, లేనిది నీలంగానే ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పాల నాళంలో కొన్ని కణాలకు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఎప్పుడూ ఉంటుంది. నల్ల నువ్వులు అక్కడక్కడ చల్లినట్టు కొన్ని గోధుమ చుక్కలు కనపడి తీరాలి. దీన్ని ఇంటర్నల్ కంట్రోల్ అంటారు. పరీక్ష సరిగా జరిగిందా లేదా చెప్పే సాక్షి ఆ స్లైడ్ లోపలే కూర్చుని ఉంటుంది. అది కూడా నీలంగా ఉందంటే ఆ పరీక్షకు ఫలితమే లేదు. దాన్ని నెగెటివ్ అనకూడదు.

"మామూలు డక్ట్ కూడా నెగెటివేనంట. ఇంక దీని మాట మనం యాల నమ్మల్ల?" అని ఆయన టీ పోసుకున్నాడు.

నేను ఈఆర్ రిపోర్టులు చదువుతున్న ఇన్నేళ్ళలో ఇంటర్నల్ కంట్రోల్ అన్న వాక్యం కోసం వెతికిన రోజు లేదు. ఆ సాయంత్రం పాత ఫైళ్ళు కొన్ని తీసి చూశాను. చాలా నెగెటివ్ రిపోర్టుల్లో ఆ వాక్యమే లేదు. ఆ తర్వాత 2020లో వచ్చిన ఆస్కో (అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం), క్యాప్ (అక్కడి పెథాలజిస్టుల సంఘం) మార్గదర్శకాల్లో, రంగు ఎక్కిన కణాలు 10 శాతం లేదా అంతకు తక్కువ ఉన్న ప్రతి రిపోర్టులో కంట్రోళ్ళ సంగతి రాసి తీరాలన్నారు.

డబ్బా కథ

మరుసటి వారం ఆమె భర్తను కూర్చోబెట్టి, గడ్డ తీసినప్పటి నుంచి ల్యాబుకు చేరేదాకా ఏం జరిగిందో అడిగాను. ఆయనకు బాగా గుర్తుంది, ఎందుకంటే మోసుకుపోయింది ఆయనే.

శనివారం మధ్యాహ్నం ఆపరేషన్. గడ్డను ఒక మాత్రల డబ్బాలో వేసి ఇచ్చారు. మూతి ఇరుకు, నొక్కి పెట్టారు. గడ్డ మునిగీ మునగనట్టు ఫార్మలిన్ (ముక్క కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళు) పోశారు. డబ్బాలో సగానికి పైగా గడ్డే. ల్యాబు అప్పటికే మూసేశారు, ఆదివారం సెలవు. ఆయన దాన్ని చేతిసంచిలో పెట్టుకుని బస్సులో బంధువుల ఇంటికి పోయి, గోడ మేకుకు తగిలించి, సోమవారం పొద్దున ల్యాబులో ఇచ్చాడు. కర్నూలు జూన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఫార్మలిన్ కణజాలంలోకి చాలా నిదానంగా ఇంకుతుంది. గంటకు సుమారు ఒక మిల్లీమీటరు అని లెక్క. కొవ్వు పట్టిన రొమ్ము ముక్కలో ఇంకా నిదానం. కోయకుండా పూర్తి గడ్డను ముంచితే బయటి పొర నిలుస్తుంది, నడిమి భాగానికి ఫార్మలిన్ చేరేలోపు లోపల కుళ్ళడం మొదలవుతుంది. రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉన్నట్టు. కణం ఆకారం కొంతవరకు నిలబడుతుంది కాబట్టి క్యాన్సర్ అని గుర్తుపట్టొచ్చు, గ్రేడ్ కూడా చెప్పొచ్చు. రిసెప్టర్ ప్రోటీన్ మాత్రం అంతకంటే సున్నితం. అందుకే నియమాలు ఇలా ఉన్నాయి: ఒంట్లోంచి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, పెద్ద ముక్కయితే అర సెంటీమీటరు మందాన చీల్చి వేయాలి, వేసేది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ కావాలి, ముక్కకు పదింతలు ఉండాలి, 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి.

ల్యాబు వాళ్ళు గడ్డ నడిమి నుంచి తీసిన బ్లాకు (మైనంలో పోతపోసిన ముక్క) మీద పరీక్ష చేశారు. వాళ్ళ దగ్గర అంచు నుంచి తీసిన ఇంకో బ్లాకు కూడా ఉంది. అడిగితే ఇచ్చారు. దాని మీద మళ్ళీ చేయించాం. ఇంకోవైపు చంకలోని బిళ్ళలోంచి ట్రూకట్ సూదితో నాలుగు ముక్కలు తీసి, ఆ నిమిషంలోనే ఫార్మలిన్‌లో వేసి పంపాం.

ఫలితాలు ఆల్‌రెడ్ స్కోరులో చెప్తాను. అది రెండు అంకెల కూడిక. ఎన్ని కేంద్రకాలు రంగు ఎక్కాయన్నదానికి 0 నుంచి 5, ఎంత ముదురుగా ఎక్కాయన్నదానికి 0 నుంచి 3. మొత్తం 8కి. 3 వచ్చినా పాజిటివే. మా కేసులో నడిమి బ్లాకు ఈఆర్ 0. అంచు బ్లాకు 5. చంక బిళ్ళ 8. పీఆర్ కూడా బిళ్ళలో 7 వచ్చింది. హెర్2 మళ్ళీ 1+, అది నిజంగా నెగెటివే.

జబ్బు ఒక్కటే, మనిషి ఒక్కరే. స్కోరు సున్నా నుంచి ఎనిమిది దాకా. క్యాన్సర్ మారలేదు, అది నానిన తీరు మారింది. ముందే ఈ సంగతి పట్టుకోకపోతే ఆమె పదేళ్ళు వేసుకోవాల్సిన మాత్ర ఒక్కరోజు కూడా వేసుకునేది కాదు. ట్రిపుల్ నెగెటివ్ అన్న పేరు మీద ఇద్దరు కూతుళ్ళకూ బీఆర్‌సీఏ జన్యుపరీక్షల (వంశంలో వచ్చే క్యాన్సర్ ముప్పును చూసేవి) భయం పట్టుకునేది.

ఇది మన పల్లెల్లో మాత్రమే జరిగేది అనుకోవద్దు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో 1997 నుంచి 2005 దాకా చేసిన ఈఆర్ పరీక్షలు తిరగదోడితే 380 మందికి పైగా ఆడవాళ్ళకు తప్పు ఫలితాలు ఇచ్చినట్టు తేలింది. జస్టిస్ మార్గరెట్ క్యామెరాన్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేశారు, 2009లో నివేదిక వచ్చింది. ఇక మన దేశపు పాత అధ్యయనాలు కొన్నింటిలో ఈఆర్ పాజిటివ్‌లు మూడో వంతుకు మించి కనిపించేవి కావు, తర్వాతి వాటిలో సగం దాటాయి. మన ఆడవాళ్ళలో చిన్న వయసు కేసులు, గ్రేడ్ 3 కేసులు ఎక్కువన్న మాట నిజమే. కానీ ఆ తేడాలో కొంత వాటా ఇలాంటి మాత్రల డబ్బాలదని నా నమ్మకం.

కాలువ కింద మడి, బోరు కింద మడి

రెండోసారి పిలిపించి పాజిటివ్ వచ్చిందని చెప్తే ఆయన ముఖం వాడిపోయింది. "మొన్న నెగెటివ్ అంటిరి, మొండిదంటిరి. ఇప్పుడు పాజిటివ్ అంటున్నారు. అది ఇంకా చెడ్డది గదా సార్?"

"అన్నా, మీ మడి కాలువ కిందిదా, బోరు కిందిదా?" అని అడిగాను.

"రెండూ ఉండాయి సార్."

"కాలువ కింది మడిని ఎండబెట్టాలంటే ఏం చేస్తావు?"

"తూము మూసేస్తే సరి."

"బోరు కింది మడినో?"

ఆయన నవ్వాడు. "అది మన చేతిలో ల్యాదు. వాని బోరు వానిది."

అంతే సంగతి. ఈఆర్ పాజిటివ్ గడ్డ ఒంట్లో పారే ఈస్ట్రోజెన్ మీద బతుకుతుంది, తూము మనకు దొరుకుతుంది. ట్రిపుల్ నెగెటివ్ గడ్డ బోరు వేసుకుని కూర్చుంది. పీఆర్ సంగతి కూడా ఇదే వరసలో చెప్పొచ్చు. కాలువకు తూము ఉన్నంత మాత్రాన నీళ్ళు పారుతున్నట్టు కాదు, పిల్లకాలువలో తడి ఉందా చూడాలి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ నిజంగా పనిచేస్తుంటేనే కణం ప్రొజెస్టెరాన్ రిసెప్టర్‌ను తయారుచేస్తుంది. కేథరిన్ హార్విట్జ్, విలియం మెక్‌గ్వైర్ 1975లో ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. అందుకే ఈఆర్ ఉండి పీఆర్ లేని గడ్డలు, రెండూ ఉన్నవాటికంటే సాధారణంగా కాస్త పెడసరంగా ఉంటాయి.

పీజీలు ఎప్పుడూ తడబడే చోటు ఒకటుంది. మార్కర్ అన్న మాటను మనం రెండు పనులకు వాడతాం. మందు సంగతి పక్కన పెట్టి జబ్బు నడక ఎటు పోతుందో చెప్పడం ఒకటి, ఏ మందుకు లొంగుతుందో చెప్పడం ఇంకొకటి. మొదటిది ప్రోగ్నోస్టిక్, రెండోది ప్రిడిక్టివ్. ఈఆర్ మొదటి పనిలో ఓ మోస్తరు, రెండో పనిలో మొనగాడు. రొమ్ము క్యాన్సర్ అధ్యయనాలన్నీ కలిపి లెక్కలు తీసే, ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా నడిచే ఈబీసీటీసీజీ బృందం 2011లో చూపిన లెక్క: ఈఆర్ పాజిటివ్ వాళ్ళలో, ఈస్ట్రోజెన్‌ను రిసెప్టర్ దగ్గరే అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర అయిదేళ్ళు ఇస్తే మొదటి అయిదేళ్ళలో తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది, రొమ్ము క్యాన్సర్ చావులు పదిహేనేళ్ళలో మూడో వంతు మేర తగ్గాయి. ఈఆర్ నెగెటివ్‌లో అదే మాత్ర వల్ల లాభం లేదు.

ప్రోగ్నోసిస్ పనిలో ఓ మోస్తరు అని ఎందుకన్నానంటే, ఆ మంచి పేరుకు కాలపరిమితి ఉంది. నెగెటివ్ గడ్డ తిరగబెడితే తొందరగా తిరగబెడుతుంది, అయిదేళ్ళు గట్టెక్కితే చాలావరకు గట్టెక్కినట్టే. పాజిటివ్ గడ్డ మొదట్లో మర్యాదగా ఉండి, పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఎముకలో తేలుతుంది. ఇది మా పేషెంట్ కథలో చివర మళ్ళీ వస్తుంది. ఏదేమైనా జబ్బు ఎంత ముదిరిందో లెక్కగట్టే ఏజేసీసీ స్టేజింగ్ ఎనిమిదో కూర్పు 2018లో అమల్లోకి వచ్చాక, గడ్డ కొలత, బిళ్ళల లెక్కతో పాటు గ్రేడ్, ఈఆర్, పీఆర్, హెర్2 కూడా స్టేజిలో భాగమయ్యాయి. అంటే డబ్బాలో సరిగా నానకపోతే ఇప్పుడు స్టేజి కూడా తప్పుతుంది.

రెండో తప్పు

ఇది జూనియర్ రాసింది, సంతకం నాది. ఫైలులో పోస్ట్‌మెనోపాజల్, అంటే ముట్లుడిగిన మనిషి అని ఉంది. ఎలా తెలుసని అడిగితే, "నెలసరి ఆగి పన్నెండేళ్ళయిందట సార్" అన్నాడు.

ఆగింది నిజమే. 34 ఏళ్ళకే ఆమె గర్భసంచి తీసేశారు. మన రాష్ట్రంలో ఇది ఎంత మామూలో ఇక్కడి డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. గర్భసంచి లేకపోతే నెలసరి ఉండదు, కానీ అండాశయాలు ఉంటే ఈస్ట్రోజెన్ మామూలుగానే తయారవుతుంది. నెలసరి ఆగిందా అన్న ప్రశ్నకు ఇలాంటి మనిషి దగ్గర అర్థమే లేదు. అల్ట్రాసౌండ్‌లో రెండు అండాశయాలూ కనిపించాయి. అండాశయాన్ని నడిపించే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ 7, ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రూపం ఎస్ట్రడయోల్ 110. ఇంకా ముట్లుడగలేదన్నమాట. ఈ పరీక్ష కీమోకు ముందే చేయాలి, తర్వాత చేస్తే కీమో దెబ్బకు అండాశయాలు నిద్రపోయి ఉంటాయి, అంకెలు మోసం చేస్తాయి.

దీనివల్ల వచ్చే తేడా చిన్నది కాదు. ముట్లుడిగిన వాళ్ళకు లెట్రోజోల్ లాంటి అరోమటేజ్ నిరోధకాలు, అంటే ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని ఆపే మాత్రలు ఇస్తాం. అండాశయాలు పనిచేస్తున్న మనిషికి అదొక్కటే ఇస్తే, ఈస్ట్రోజెన్ తగ్గుతోందని పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచి అండాశయాన్ని అదిలిస్తుంది. తూము మూశామనుకుంటూ గేటు ఎత్తినట్టవుతుంది.

వైద్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు కీమో అన్న ఆలోచన మానుకుని జులైలో రొమ్ము, చంక బిళ్ళలు తీశాం. పాత మచ్చ కింద ఇంకా 1.2 సెంటీమీటర్ల గడ్డ మిగిలే ఉంది. 15 బిళ్ళల్లో రెండింటిలో క్యాన్సర్. ఈసారి ముక్క బయటికి రాగానే నేనే నిలబడి చీల్పించి, పెద్ద మూతి డబ్బాలో వేయించాను. ఈఆర్ 8, పీఆర్ 7. కీమోలో ఏసీ అనే రెండు మందుల జోడీ నాలుగు సైకిళ్ళు, పాక్లిటాక్సెల్ పన్నెండు వారాలు, తర్వాత రేడియేషన్. ముట్లుడగని మనిషికి బిళ్ళలు పట్టాయి కాబట్టి కీమో తప్పదనుకున్నాం. కీమో అవసరమా కాదా చెప్పే 21 జన్యువుల పరీక్షను లక్షలు పోసి చేయించమని చెప్పే పరిస్థితి వాళ్ళది కాదు.

ఆ తర్వాత అండాశయాల ప్రశ్న. సాఫ్ట్, టెక్స్ట్ అధ్యయనాలు ఇలాంటి ముప్పున్న చిన్న వయసు వాళ్ళలో అండాశయాలను ఆపడం వల్ల లాభం చూపించాయి. నెలనెలా గోసెరెలిన్ ఇంజెక్షనా, ఒకేసారి తీయించుకోవడమా అని ఇద్దరినీ అడిగాను. ఆమె ఇంతవరకు పెద్దగా మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం, "నెలనెలా బస్సెక్కి రావల్లంటే నాతో కాదు సార్. తీసేయండి" అంది.

నాకప్పుడు బీట్సన్ గుర్తొచ్చాడు. గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్. ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే పాలు ఆగకుండా ఇస్తుందని కొన్ని దేశాల రైతులు నమ్ముతారని విని, రొమ్ముకూ అండాశయానికీ ఏదో లంకె ఉందని పట్టుకున్నాడు. 1895లో రొమ్ము క్యాన్సర్ ముదిరిన 33 ఏళ్ళ ఆమెకు అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగిపోయాయి, దాదాపు నాలుగేళ్ళు బతికింది. 1896లో లాన్సెట్‌లో రాశాడు. తర్వాత చేసినవాళ్ళు చూస్తే మూడింట ఒకరికే పనిచేసింది. ఎవరికి పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో అరవై ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ 1950ల చివర్లో రేడియోధార్మిక ఈస్ట్రోజెన్ ఎలుకలకు ఇచ్చి, అది గర్భాశయంలో పట్టుకుని నిలుస్తోందని చూపించాకే రిసెప్టర్ అన్నది బయటపడింది. ఆ మూడో వంతు ఎవరో చెప్పేదే మా పెథాలజిస్టు చూపించే గోధుమ చుక్క. రైతుల ఆవు ముచ్చట నుంచి బయల్దేరిన చికిత్సను ఒక రైతు భార్య బస్సు ఛార్జీల లెక్కతో ఎంచుకుంది. 2020 మార్చి మొదటి వారంలో ల్యాపరోస్కోపీతో తీశాం. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు రోజుకొకటి మొదలుపెట్టాం, కాల్షియం, విటమిన్ డితో పాటు. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా పరీక్షలో వెన్నెముక కాస్త పలచగా ఉంది.

మూడు వారాలకు లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏప్రిల్‌లో కర్నూలు పేరు కేసుల పట్టికలో పైనే ఉండేది. ఆమె ఆగస్టులో వచ్చింది. మాత్రల పట్టీలు తెమ్మంటే సంచిలోంచి తీసింది. రెండు ఖాళీవి, మూడు నిండువి.

"బస్సులు లేక మాత్రలు దొరకలేదేమో అనుకున్నా అమ్మా. ఇంట్లోనే ఉన్నాయే?"

"చేతులు రావడం ల్యా సార్. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. రొట్టె తట్టలేకపోతుండా."

జొన్నరొట్టె తట్టడం అంటే రెండు అరచేతులూ, పది వేళ్ళూ. పిండి ముద్దను పీట మీద తిప్పుతూ చాకిరేవు దెబ్బల్లా తడుతూ పలచగా సాగదీయాలి. అరోమటేజ్ నిరోధకాలతో కీళ్ళ నొప్పులు వస్తాయని పుస్తకాల్లో ఉంది. వేళ్ళు పట్టేసిన ఆడమనిషి మన పల్లెలో ఏ పని దగ్గర ఓడిపోతుందో పుస్తకాల్లో ఉండదు. కోడలు తట్టిన రొట్టె ఈమెకు నచ్చదు, అది వేరే కథ. మాత్ర మానేస్తే వారం పది రోజులకు వేళ్ళు తేలికపడ్డాయి, అందుకని మానేసింది. ఎవరికీ చెప్పలేదు.

తిట్టి లాభం లేదు. టామోక్సిఫెన్ 20 మిల్లీగ్రాములకు మార్చాను. దానికి గర్భసంచి క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఉంది, ఈమెకు గర్భసంచే లేదు. పన్నెండేళ్ళ కిందటి ఆ అనవసరపు ఆపరేషన్ ఇక్కడ మాత్రం పనికొచ్చింది. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి చెప్పాను, పిక్క వాచి నొప్పెడితే ఆగకుండా రమ్మన్నాను. ఒంట్లో ఆవిర్లు వస్తాయని కూడా చెప్పాను. "మే నెల్లో అవి మాత్రకొచ్చినవా, ఎండకొచ్చినవా ఎట్ల తెలుస్తాది సార్?" అంది. నాకు సమాధానం దొరకలేదు. నిద్ర పట్టడం లేదని ఊళ్ళో ఎవరైనా పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మాత్రలు రాస్తే నాకు చూపించకుండా వేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అవి కాలేయంలో టామోక్సిఫెన్‌ను పనిచేసే రూపానికి మార్చే ఎంజైమును అడ్డుకుంటాయి.

ఆ రోజు నుంచి మా ఓపీలో హార్మోన్ మాత్రలు వేసుకునే ప్రతి మనిషినీ "వేసుకుంటున్నారా" అని అడగడం మానేశాను. "పట్టీలు చూపించండి" అంటాను. ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఒకటి మారింది. ఒక నల్ల మార్కర్ పెన్ను దారంతో బల్లకు కట్టి ఉంటుంది. ప్రతి డబ్బా మీద రెండు సమయాలు రాయాలి: ఒంట్లోంచి తీసింది, ఫార్మలిన్‌లో వేసింది. పెన్ను రెండు సార్లు మాయమైంది, దారం మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు మూడో పెన్ను.

2025 మార్చిలో ఇద్దరూ వచ్చారు. అయిదేళ్ళు పూర్తి. మామోగ్రామ్ శుభ్రంగా ఉంది.

"ఐదేండ్లన్నారు గదా సార్, అయిపోయినాయి" అంది ఆమె.

ఈబీసీటీసీజీ 2017లో ఇంకో లెక్క వేసింది. దాదాపు 63 వేల మంది ఈఆర్ పాజిటివ్ ఆడవాళ్ళు, అయిదేళ్ళు హార్మోన్ వైద్యం తీసుకుని, అప్పటికి ఏ జబ్బూ లేకుండా ఆపేసినవాళ్ళు. అయిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా వాళ్ళలో జబ్బు దూరపు అవయవాలకు పాకిన శాతం చూశారు. రెండు సెంటీమీటర్లలోపు గడ్డ, బిళ్ళలు పట్టకపోతే 13. రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల గడ్డ, ఒకటి నుంచి మూడు బిళ్ళలు పడితే 26. ఈమెది ఈ రెండో వరస. ఆ లెక్కలో ఉన్నవాళ్ళు చాలామంది పాతకాలపు వైద్యం తీసుకున్నవాళ్ళు, ఈమెకు అండాశయాలు కూడా తీసేశాం కాబట్టి ముప్పు అంతకంటే తక్కువే ఉండొచ్చు. అయినా లేదని చెప్పలేను. అట్లాస్ అధ్యయనంలో టామోక్సిఫెన్‌ను అయిదేళ్ళకు ఆపినవాళ్ళలో తర్వాతి పదేళ్ళలో 25.1 శాతం మందికి తిరగబెడితే, పదేళ్ళు కొనసాగించినవాళ్ళలో 21.4.

ఈ అంకెలు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆయనే అందుకున్నాడు. "తూము ఎత్తితే మళ్ళా తడి తగుల్తాదనే గదా సార్ మీరు చెప్పేది?"

"తగలకపోవచ్చు కూడా. చిన్న తేడానే. మాత్ర పడుతోంది, ఇబ్బంది లేదు. ఇంకో అయిదేళ్ళు వేసుకుంటే మంచిదని నా అభిప్రాయం. నిర్ణయం అమ్మది."

ఆమె తన చేతులు ముందుకు చాపి, వేళ్ళు ఒకసారి ముడిచి, తెరిచింది.

"ఈ మాత్రకు రొట్టె తట్టుకుంటుండా. వేసుకుంటాలే సార్. మూడు నెల్లవి ఒక్కసారే రాయండి, ఉల్లి పీకేది ఉండాది."

రాసిచ్చాను.